అత్తమ్మను రెండు నెలలకొక ఇంటికి మార్చాలా?

ప్రశ్న: అక్కా, మాది నల్లగొండ. మా ఆయన జిరాక్స్ షాపు నడుపుతారు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. నాకు 44 ఏళ్లు. మా అత్తమ్మకు 76 దాటాయి. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్ల వల్ల నడుము వంగిపోయింది, మెడ తిరగదు. మామ పోయాక ముగ్గురు కొడుకులు పెద్దమనుషుల్లో కూర్చుని అమ్మను రెండేసి నెలలు వంతు పెట్టుకున్నారు. బావగారు దేవరకొండ దగ్గర ఊళ్లోనే ఉంటారు, మరిది ఎల్బీనగర్‌లో. ఆడబిడ్డది మిర్యాలగూడ. రెండేళ్లుగా అత్తమ్మకు యాదిమరుపు ఎక్కువైంది. ఇప్పుడే తిని, నాకు బువ్వ పెట్టలేదని పక్కింటివాళ్లకు చెబుతుంది. పొద్దుగూకితే మూట కట్టుకుని "ఇంటికి పోత" అని గేటు పట్టుకుని నిలబడుతుంది. మా ఇంట్లో కాస్త కుదురుకునేసరికి వంతు అయిపోతుంది. తిరిగి వచ్చినప్పుడల్లా ముందుకన్నా అధ్వాన్నంగా వస్తుంది. పోయిన నెల తానం చేయిస్తుంటే నన్ను కొట్టింది. కోపంలో నేనూ నెట్టేశాను. గోడకు తగిలి ఆమె మోచెయ్యి గీరుకుపోయింది. ఆ రాత్రంతా ఏడ్చాను. అత్తమ్మ పేరున ఉన్న మూడున్నర ఎకరాల సంగతి తేలి సంతకాలు అయితేనే తన వంతు చేస్తానని మరిది అంటున్నాడు. మా ఆయన ఆశ్రమం మాట ఎత్తుతున్నారు. నేను చెడ్డదాన్నా? ఏం చేయాలి? ఇంకో సంగతి. వచ్చే నెల ఆడబిడ్డ కూతురి పెళ్లి ఉంది. అత్తమ్మను తీసుకుపోవాలా వద్దా?

జవాబు: చెల్లెమ్మా, "తిరిగి వచ్చినప్పుడల్లా ముందుకన్నా అధ్వాన్నంగా వస్తుంది" అని ఉత్తరం మధ్యలో ఒక మాట రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. నాకు తోచిన జవాబంతా ఆ మాటలోనే ఉంది.

మా నాయనమ్మది కల్వకుర్తి దగ్గరి పల్లె. ముగ్గురు కొడుకులు, అమాస నుంచి అమాసకు ఒక్కో ఇల్లు. మూడిళ్లూ ఒకే ఊళ్లో, కేకేస్తే వినపడేంత దూరంలోనే. అమాస పొద్దున రేకు పెట్టె చంకన పెట్టుకుని, ఇత్తడి చెంబు చేత పట్టుకుని బయలుదేరేది. గొంగడి నేను మోసేదాన్ని. అప్పటికి నాకు పదేళ్లు. పెద్దనాయన ఇంట్లో ఆమె మంచం పడమటి గోడకు వేసేవాళ్లు, రాత్రి లేచి కుడివైపు నడిస్తే వాకిలి. మా ఇంట్లో కుడివైపు నడిస్తే బర్రెల కుడితి గోలెం. మా ఇంటికి వచ్చిన నాలుగో రోజు రాత్రి ఒంటికి లేచి కుడివైపే నడిచింది. గోలెం మీద పడి తుంటి విరిగింది. మళ్లీ లేవలేదు. చూపు ఆనలేదు, ముసలితనం అని అందరం అనుకున్నాం. నేను కూడా చాలా ఏళ్లు అదే అనుకున్నాను. ఆమె కాళ్లు నిన్నటి ఇంటి దారి పట్టాయని నాకు అర్థమయ్యేసరికి నాకే యాభై దాటాయి.

యాదిమరుపు వచ్చినవాళ్లకు పాత సంగతులు చాలాకాలం నిలుస్తాయి. కొత్తవి నిలవవు. బాత్రూం ఎటు, లైటు స్విచ్ ఎక్కడ, పొద్దున ముందుగా కనిపించే మొహం ఎవరిది, ఇవన్నీ బుర్ర మరిచినా కాళ్లూ చేతులూ మెల్లమెల్లగా నేర్చుకుంటాయి. అందుకు వారాలు పడుతుంది. మీరు కుదురుకుంది అంటున్నది అదే. సరిగ్గా అప్పుడే వంతు అయిపోయి, ఆమె ఇంకో ఇంట్లో మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒళ్లూ మతీ బాగున్న మనిషికి వంతు పెద్ద కష్టం కాదు, మనవళ్లందరినీ చూసుకున్నట్టూ ఉంటుంది. మతి తప్పుతున్న మనిషికి అది రెండు నెలలకోసారి ఊరు తెలియని ఊళ్లో దింపేసినట్టే. అత్తమ్మ విషయంలో వంతులు ఆపేయండి. ఆమె ఒక్క చోటే ఉండాలి. వంతు వేసుకోవాల్సింది పనిని, ఖర్చును, రాత్రి నిద్రలేమిని.

మరి ఏ ఇంట్లో? ఆమె ఎక్కువకాలం బతికిన ఇల్లు ఊళ్లోది. మామూలుగా అయితే అదే మంచిదనేదాన్ని. కానీ మీ యారాలు పొద్దున చేనుకు పోతే ఇంట్లో ఎవరూ ఉండరేమో. గేటు దాటి నడిచే మనిషిని ఖాళీ ఇంట్లో ఉంచకూడదు. ఎల్బీనగర్‌లో కాలు బయటపెడితే హైవే. పగలు మనిషి ఉండేది మీ ఇంట్లో. కుదురుకున్నదీ మీ దగ్గరే. కాబట్టి మీ ఇల్లే సరైనదని నాకనిపిస్తోంది. ఈ మాట రాయడానికి నాకు కొంతసేపు చెయ్యి రాలేదు. ఇప్పటికే అలిసిపోయిన మీ నెత్తిమీదికే మొత్తం ఎత్తుతున్నట్టు ఉంటుంది కదా. అందుకే దీనికొక షరతు ఉంది: మిగతావాళ్లు తమ పాలు పని ఒప్పుకోకముందే మీరు సరే అనకండి. ఒకసారి అన్నాక మీ మాట ఎవరూ వినరు.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం గురించి వినే ఉంటారు. అందులో బాధ్యులుగా చెప్పిన సంతానం ఎవరంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరు లేదు. చూసుకోవాల్సింది ముందుగా మీ ఆయన, బావగారు, మరిది, ఆడబిడ్డ, ఈ నలుగురూ. మీరు చేస్తున్నది వాళ్ల పని. ఈ మాట నలుగురిలో గొడవ పెట్టుకోవడానికి చెప్పడం లేదు. కూర్చుని మాట్లాడేటప్పుడు మీరు తల దించుకుని కూర్చోకూడదని చెబుతున్నాను.

ఆ మాటలు మీ ఆయన నోటి నుంచే రావాలి. అమ్మ ఇక్కడే ఉంటుంది, మీరు వంతు ప్రకారం ఇక్కడికి రండి అని ఆయన అనాలి. యారాలు పొలం పని లేని రోజుల్లో వారం పది రోజులు వచ్చి మీ ఇంట్లోనే ఉండాలి. ఆ రోజుల్లో మీరు పుట్టింటికి పోండి, లేదా తలుపు వేసుకుని నిద్రపోండి. ఆడబిడ్డ రెండు వారాలకోసారి వచ్చి తల్లికి తలస్నానం చేయించాలి, బట్టలు సర్దాలి. మరిది రాలేకపోతే డబ్బు పంపాలి. పొద్దున నాలుగు గంటలు ఒక ఆయమ్మను పెట్టుకోవడానికి ఎంతవుతుందో కనుక్కుని ఆ ఖర్చు ఆయనకు చెప్పండి. అత్తమ్మకు పింఛను వస్తుంటే, ఆ 2016 రూపాయలు ఇక ఎవరి వంతైతే వాళ్లవి కావు. ఆమె మందులకు, డైపర్లకే పోవాలి. ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి ఖర్చూ రాయండి, నెల చివర ఫోటో తీసి అందరికీ వాట్సాప్‌లో పెట్టండి. లెక్క కళ్ల ముందు ఉంటే మాటలు తగ్గుతాయి. ఇక ఆదివారం మీ ఆయనది. గోళ్లు తీయడం, మందులు వేయడం, తినిపించడం, పక్కన కూర్చోవడం కొడుకు చేయలేని పనులేం కావు. మా తమ్ముడు అమ్మకు ఏడాదిన్నర తినిపించాడు. మొదటి వారమే సిగ్గుపడ్డాడు.

ఇవి కుదిరేలోపు ఈ వారమే డాక్టరుకు చూపించండి. మతిమరుపంతా నయం కాని జబ్బు కాదు. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తంలో సోడియం పడిపోయినా, లోపల దిగులు పేరుకున్నా మనిషి ఇలాగే తయారవుతుంది. వాటిలో చాలావాటికి వైద్యం ఉంది. చెవి సరిగ్గా వినపడకపోయినా, కంట్లో శుక్లాలున్నా తికమక పెరుగుతుంది. నల్లగొండలో 2019లో మెడికల్ కాలేజీ వచ్చింది, ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మీకు దగ్గరే. ముందు జనరల్ మెడిసిన్‌లో చూపించి రక్తపరీక్షలు అడగండి. ఆమె వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసుకుని పోండి, దగ్గు సిరప్, నిద్రమాత్ర సహా. జలుబుకు, నిద్రకు ఇచ్చే కొన్ని మందులు ముసలివాళ్ల మతిని ఇంకా చెదరగొడతాయి. ఎప్పుడైనా పడిందేమో కూడా గుర్తు చేసుకుని చెప్పండి. తలలో నెమ్మదిగా రక్తం గడ్డకట్టి వారాల తర్వాత బయటపడటం ఉంది. మోచెయ్యి గీరుకున్న రోజు సంగతి కూడా దాచకండి. ఇంకొకటి, రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా పిచ్చిపిచ్చిగా మాట్లాడటం మొదలైతే మరుపు ముదిరిందని ఇంట్లో కూర్చోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అయినా, ఒంట్లో నీళ్లు తగ్గినా అలా అవుతుంది. మన ఎండల్లో ఇది మరీ ఎక్కువ. ముసలివాళ్లకు దాహం తెలియదు. అడిగితే వద్దంటుంది, అందుకని అడగకుండా చేతికి మజ్జిగ గ్లాసు ఇవ్వండి.

ఇప్పుడు తానం సంగతి. ఆమె మీమీద కోపంతో కొట్టిందని నేననుకోను.

మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు పెద్దవాళ్ల ఒళ్లు మీరు రోజూ చూస్తున్నదే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ ఊళ్లలో ఒక తరం అంతకు ఎన్నో రెట్లు తాగి పెరిగింది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నా, ఎముకల్లోకి ఎక్కింది దిగదు. వెన్ను కట్టెలా బిగుసుకుంటుంది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. చెయ్యి భుజం పైకి ఎత్తితే ప్రాణం పోయినంత నొప్పి. అలాంటి మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి వెనక నిలబడి నెత్తిన చెంబుడు నీళ్లు పోస్తే ఏమవుతుంది? ఎవరు పోశారో ఆమెకు కనపడదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు పోస్తున్నారో గుర్తుండదు. పైగా జాకెట్టు విప్పడానికి చెయ్యి ఎత్తుతారు. ఆ క్షణంలో ఎవరో తనను ఏదో చేస్తున్నారని భయపడుతుంది. అందిన మనిషిని కొడుతుంది.

వెనక నుంచి ముట్టుకోకండి. ఎదురుగా వచ్చి, ఆమె కంటికి ఆనేలా వంగి, పేరు చెప్పి, అప్పుడు చెయ్యి పట్టుకోండి. నీళ్లు మొదట పాదాల మీద పోయండి, తర్వాత మోకాళ్ల మీద. ఒక చెంబు ఆమె చేతికే ఇవ్వండి, తన మీద తనే పోసుకోనివ్వండి. సగం నీళ్లు కింద పోయినా పోనీ. ముందు హుక్కులుండే వదులు జాకెట్లు కుట్టండి, ఈ విద్య మీ చేతిలోనే ఉంది. చంకల కింద గుడ్డ వెడల్పుగా వదలండి, చెయ్యి ఎత్తకుండానే తొడగొచ్చు. రోజూ ఒళ్లంతా తానం చేయించాలని నియమం లేదు. మారాం చేసే రోజున గోరువెచ్చని నీళ్లలో తువ్వాలు ముంచి తుడిచి వదిలేయండి. లేపేటప్పుడు చేతులు పట్టి గుంజొద్దు, నడుము కింద చెయ్యి వేసి లేపండి.

"ఇంటికి పోత" అన్నప్పుడు "ఇదే నీ ఇల్లు" అని వాదించకండి. వాదించిన కొద్దీ మీరు తనను అడ్డుకుంటున్నారనే అనిపిస్తుంది. ఆమె అడిగే ఇల్లు మీ బావగారి ఇల్లు కూడా కాకపోవచ్చు. మా అమ్మ చివరి రోజుల్లో సాయంత్రమైతే "యాళ్లయింది, బర్రెలొస్తయి, పోవాలె" అనేది. బర్రెలు అమ్మి అప్పటికి ముప్పై ఏళ్లు. మొదట్లో నేను బర్రెలు లేవమ్మా అనేదాన్ని, ఏడ్చేది. తర్వాత "ఎన్ని బర్రెలు? ఏది ఎక్కువ పాలిస్తది?" అని అడగడం నేర్చుకున్నాను. ఒక్కోదాని పేరు చెప్పేది. కొమ్ము విరిగినదాని సంగతి చెప్పేటప్పుడు నవ్వేది కూడా. పావుగంటకు పోవాలన్న మాట మరిచేది. మీరు కూడా "ఇంట్ల ఎవరెవరున్నరు అత్తమ్మా?" అని అడిగి చూడండి. చీకటి పడకముందే ఇల్లంతా లైట్లు వేయండి, ఆ మసక వెలుతురులోనే వాళ్లకు గుబులు ఎక్కువ. నాలుగు గంటలకే చేతికి ఏదైనా పని ఇవ్వండి. మిషన్ మీద మిగిలిన గుడ్డముక్కలు రంగులవారీగా వేరుచేయమనండి, వత్తులు చేయమనండి. చింతపండు గింజలు తీయించే అలవాటుంటే దగ్గర కూర్చోండి, నోట్లో వేసుకుంటుంది. ఆమె చేసిన పని బాగా లేకపోయినా ఆమె కళ్ల ముందు మళ్లీ సర్దకండి.

తినలేదని పక్కింట్లో చెబితే మీకు అవమానంగా ఉంటుంది, తెలుసు. పక్కింటివాళ్లకు మీరే ముందుగా ఆమె జబ్బు ఇదీ అని చెప్పేయండి. దాచినకొద్దీ మాటలు పుడతాయి. చెబితే రేపు ఆమె గేటు దాటిన రోజు చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చేది వాళ్లే.

నెట్టేసిన సంగతికి వస్తాను. మీరు చెడ్డవారు కాదు. కానీ ఏం పర్లేదులే అని కూడా నేను అనలేను. ఆ వయసు ఎముకకు గోడ తగిలితే గీరుకుపోవడంతో ఆగకపోవచ్చు. మీరు రాత్రంతా ఏడ్చింది కూడా అది తెలిసే. చేతులు వణుకుతున్నాయి, పళ్లు బిగుసుకుంటున్నాయి అనిపించిన క్షణాన పని ఎక్కడిదక్కడ వదిలేయండి. తువ్వాలు కప్పి, కుర్చీలో భద్రంగా కూర్చోబెట్టి, తడి లేని చోట ఉందో లేదో చూసి, మీరు వాకిట్లోకి వచ్చి నిలబడండి. సగం తానంతో పది నిమిషాలు కూర్చుంటే ఆమెకేమీ కాదు. జరిగింది మీ ఆయనకు చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. చెప్పండి. రెండోసారి జరిగితే అదే రోజు చెప్పండి. మనసు మరీ బరువైతే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు. డబ్బు కట్టక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ల సంరక్షణకు సంబంధించిన సలహాలకు, వాళ్ల సమస్యలకు 14567 ఉంది. అలాగే మీకు నిద్ర లేక ఎన్నాళ్లయింది, బీపీ చూపించుకుని ఎన్నాళ్లయింది అన్నది కూడా రాయలేదు. అత్తమ్మను ఆసుపత్రికి తీసుకుపోయిన రోజే మీకూ ఒక ఓపీ చీటీ రాయించుకోండి.

మరిది అడిగే సంతకాలకు ఇప్పుడు ఒప్పుకోకండి. ఎక్కడ, ఎందుకు పెడుతోందో తెలియని మనిషితో సంతకం పెట్టించుకుంటే రేపు ఎవరైనా కోర్టుకు పోవచ్చు, ఆ కాగితం నిలవకపోవచ్చు. తొందర కూడా ఏం లేదు. వీలునామా రాయకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమె తర్వాత ఆ భూమి నలుగురు పిల్లలకూ సమానంగా వస్తుంది, ఆడబిడ్డతో సహా. ఈ ముక్క మరిదికి శాంతంగా చెప్పించండి. 2007 చట్టంలో 23వ సెక్షన్ ఒకటుంది. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే ఆ రాతను రద్దు చేయించవచ్చు. ఆ షరతు ఉందని చూపించాలని సుప్రీంకోర్టు 2022లో ఒక కేసులో చెప్పింది కాబట్టి, నోటిమాట మీద రాసిచ్చిన పెద్దవాళ్లు తర్వాత ఇబ్బంది పడతారు. ఎంత చెప్పినా మరిది రూపాయి ఇవ్వనంటే ఆర్డీవో ఆఫీసులో ఈ చట్టం కిందే అర్జీలు వినే ట్రిబ్యునల్ ఉంది. అత్తమ్మ తరఫున అర్జీ పెట్టవచ్చు, నెలకు 10,000 వరకు ఇప్పించే అధికారం వాళ్లకుంది. కానీ ముందు ఇంట్లో మాట్లాడుకోండి. అన్నదమ్ములు ఆఫీసు మెట్లెక్కాక ఆదివారం వచ్చి తల్లికి తినిపించడం జరగదు.

ఆశ్రమం పేరెత్తినందుకు మీ ఆయన్ను తిట్టకండి, ఆయనా అలిసిపోయారు. పెట్టడం పాపమని నేననను. అయితే చాలాచోట్ల తమ పని తాము చేసుకునేవాళ్లనే తీసుకుంటారు. చూడటానికి పోతే రాత్రిపూట ఎంతమంది మేలుకుని ఉంటారు, మతి తప్పినవాళ్లను ఎప్పుడైనా చూశారా, గదికి బయట నుంచి గొళ్లెం పెడతారా అని అడగండి. ముందు చెప్పినవన్నీ ఒక ఆరు నెలలు చేసి చూసి, అప్పటికీ మీ వల్ల కాకపోతే ఆ సంగతి మళ్లీ ఆలోచించండి.

ఇక పెళ్లి. తీసుకుపోండి. కూతురి కూతురి పెళ్లి ఆమెది కూడా. నలుగురూ చూస్తారని భయపడి ఇంట్లో వదిలితే, తర్వాత ఆడబిడ్డ కూడా బాధపడుతుంది. కాకపోతే రోజంతా ఉంచకండి. ముందురోజే మిర్యాలగూడ తీసుకుపోయి కొత్త ఇంట్లో పడుకోబెట్టొద్దు, ముహూర్తానికి అందేలా పొద్దున కారులో బయలుదేరండి. ఆమె ఇంట్లో వాడే గ్లాసు, కప్పుకునే దుప్పటి వెంట పెట్టుకోండి. మండపంలో బ్యాండుకు, స్పీకర్లకు దూరంగా, బాత్రూంకు దగ్గరగా కుర్చీ వేయించండి. ఆమె చెయ్యి వదలకుండా ఒక్క మనిషి పక్కన ఉండాలి, ఆ రోజు ఆ మనిషికి వేరే పని చెప్పకూడదు. అది మీరు కాకుండా చూసుకోండి. మీ పిల్లల్లో పెద్దవాళ్లుంటే వాళ్లకు, లేదా బావగారి పిల్లలకు అప్పగించండి. జాకెట్టు లోపలి వైపు చిన్న గుడ్డముక్క మీద మీ ఫోన్ నంబరు రాసి కుట్టేయండి. తలంబ్రాలప్పుడు దగ్గరికి తీసుకుపోయి ఆమె చేతిలో అక్షింతలు పెట్టండి. భోజనాల రద్దీ మొదలవకముందే వెనక్కి తెచ్చేయండి, చీకటి పడేలోపు తన మంచం మీద ఉండాలి.